పచ్చి సిమెంటు

నందీశ్వర్ నా సొంత తమ్ముడు, ఊళ్లో పళ్ల డాక్టరు. నా పాలు భూమి తన పేరు మీద పెట్టుకొని, నా వాకిట్లోనే నిలబడి, నన్ను మొద్దు అన్నవాడు. సోమవారం పొద్దున అన్నాడు. స్తెఫనూ హన్నమ్మా గేటు దగ్గర నిలబడి వింటుండగా అన్నాడు.

"ఏడో తరగతి ఫెయిలయినోనికి నా దవాఖాన సంగతి ఏం తెలుసు? బజార్ల నిలవడి నా లైటు సెల్లు చచ్చిందని చెప్తవా? నా ఇజ్జత్ తీస్తవా?"

నేను ఫెయిలు కాలేదు. మానేశాను. వాడికి ఫీజు కట్టాలని నాయన నన్ను కొట్టులో కూర్చోబెట్టాడు. ఫెయిలుకూ మానెయ్యడానికీ ఉన్న తేడా నారాయణఖేడ్‌లో అందరికంటే బాగా తెలిసినవాడు నందీశ్వరే.

"చెప్పిన" అన్నాను. "నా బిడ్డ ఫోన్ల చెప్పింది, నేను నీకు చెప్పిన. తప్పేంది?"

"హోటల్ ముంగట చెప్పాల్నా?"

"నువ్వు హోటల్ ముంగట దొరికినవ్."

హన్నమ్మ నవ్వబోయి చెంప పట్టుకుంది. తువ్వాలు మడతపెట్టి ఎడమ దవడకు ఒత్తుకొని ఉంది. పోయిన అమావాస్యకు నందీశ్వర్ దగ్గరే ఆ పిప్పి పన్నుకు సిమెంటు పెట్టించుకుంది. పన్ను తొలిచి నింపి, లైటు కొట్టి గట్టిపరిచేదాన్ని మా దగ్గర సిమెంటనే అంటారు. డాక్టర్లు ఏమంటారో వాళ్లకే తెలియాలి. పెట్టించుకున్న నాటి నుంచీ ఆమెకు నిద్ర లేదు. చల్ల నీళ్లు తగిలితే నెత్తి దాకా గుంజుతున్నదట. చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది ఆమే. నిన్న నోరు తెరవలేక వెనక వరసలో కూర్చుందట.

స్తెఫను మా పక్క చేను వాడు. ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే మెల్లగా మాట్లాడతాడు. అందుకే వాడు మాట్లాడితే భయం.

"డాక్టర్ సాబ్" అన్నాడు. "లైటు సెల్లు చచ్చిందని బజారంత అంటుండ్రు. మా ఆడామె పంట్ల పెట్టింది గా లైటుతోనే కదా. గది అడగనీకె వచ్చిన. కొట్లాటకు రాలే."

"నా లైటుకేం కాలే. మా అన్న మాట పట్టుకొని వస్తవా?"

"అన్నదమ్ములు మీరు. ఎవరి మాట పట్టుకోవాల్నో మీరే చెప్పుండ్రి."

నేను వాకిట్లో నిలబడ్డానే కానీ మనసంతా మధ్యాహ్నం మీద ఉంది. ఆ మధ్యాహ్నం మాకు తహసీల్ ఆఫీసులో భూమి రిజిస్ట్రేషన్‌కు స్లాటు. నందీశ్వర్ పండ్ల డాక్టర్ చదువుకు బ్యాంకు వాళ్లు హామీ అడిగితే, కల్హేర్ తొవ్వలోని నా పాలు చెల్క వాడి పేరు మీద రాసిచ్చాను. చదువు కాగానే తిరిగి రాస్తానన్నాడు. చదువయింది. పెళ్లయింది. ఇక్కడ దవాఖాన అయింది. మొన్న బీదర్‌లో రెండో దవాఖాన కూడా అయింది. ఇన్నేళ్లకు, నా పెళ్లాం రేవమ్మ వాడి ఇంటి గడప మీద కూర్చొని లేవనంటే, ఈ సోమవారం సంతకం పెడతానని ఒప్పుకున్నాడు. రేవమ్మ పొద్దున్నే పట్టుచీర కట్టింది. పెళ్లికి పోతున్నట్టే ఉంది ఆమె ముఖం.

అట్లాంటి రోజున నేను వాడితో గొడవ పెట్టుకున్నాను. నోరు ఊరుకోదు. ఏం చేస్తాం!

"సాకు!" అంది రేవమ్మ గడపలోంచి. కోపం వస్తే ఆమెకు పుట్టింటి కన్నడమే వస్తుంది. చాలు, ఆపండి అని. "ఇద్దరు గమ్మునుండుండ్రి. పిల్ల బస్సు దిగిందంట. వచ్చి అదే చెప్తది ఏమన్నదో."

మాట పూర్తయ్యే లోపే ఆటో ఆగింది.

శైలశ్రీ దిగింది. నా ఒక్కతే బిడ్డ. హైదరాబాద్‌లో పరిశోధన చేస్తుంది. తలనిండా దుమ్ము, చేతిలో అన్నం డబ్బా అంత చిన్న పెట్టె. వాకిట్లో అందరినీ చూసి కూడా ఆగలేదు.

"కాకా! నువ్వు ఈడనే ఉన్నవా? మంచిగయింది. నేను నీ దగ్గరికే పోదామనుకున్న."

"మంచిగయిందా?" అన్నాడు నందీశ్వర్. "మీ అప్పకు ఫోన్ల ఏం చెప్పినవ్? నా లైటు సెల్లు చచ్చిందన్నవా?"

"లైటు సెల్లా?" దాని కళ్లు పెద్దవయ్యాయి. "నేను లైటు మాటే అనలే. నువ్వు పంపిన బిళ్లలు పెడితే సెల్లులు చచ్చిపోయినయి అన్న."

"గదే కదా నేను చెప్పింది" అన్నాను.

"అప్పా, ఆ సెల్లులు కావు!"

ఇంటి ముందు గదిలోనే, బజారు వైపు, నాకు కరెంటు సామాన్ల కొట్టుంది. టార్చిలైట్లు, బల్బులు, మోటారు వైర్లు, వాచర్లు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సెల్లు, సెల్లు అంటూనే ఉంటాను. పెద్ద సెల్లు, చిన్న సెల్లు, గోడ గడియారం సెల్లు. నాకు ఇంకో సెల్లు ఉంటుందని ఎవరు చెప్పారు?

శైలశ్రీ నా భుజం పట్టుకుంది. "మన ఒంట్ల ఉండే జీవకణాలు అప్పా. మొత్తం ఒళ్లంత వాటితోనే ఉంటది. జ్ఞానదంతం పీకిచ్చుకుంటరు కదా, ఆ పన్ను లోపల మెత్తటి మాంసముంటది. దాంట్లకెళ్లి ఆ కణాలు తీసి గిన్నెల పెంచుత నేను. దాణా వేసినట్టు వాటికి తిండి కూడ పెడ్త. అవి సెల్లులు. అవి చచ్చిపోయినయి."

నందీశ్వర్ నవ్వాడు. పొట్ట పట్టుకొని నవ్వాడు. స్తెఫను కూడా మీసం కింద నవ్వాడు. హన్నమ్మ తువ్వాలు రెండు చేతులా ఒత్తుకుంటూ, "నవ్వియ్యకుండ్రి, మీ కాళ్లు మొక్కుత, గుంజుతుంది" అంది.

"విన్నవా స్తెఫనూ?" అన్నాడు నందీశ్వర్. "మా అన్న టార్చిలైట్ సెల్లనుకున్నడు! అది పట్టుకొని బజారంత తిరిగిండు! ఇగ ఇంటికి పోండ్రి. నొప్పి గోలి రాసిస్త."

నా చెవులు కాలిపోయాయి. కొట్టులోకి పోయి షట్టరు దించుకుందామనిపించింది.

శైలశ్రీ మాత్రం నవ్వలేదు.

"కాకా, నవ్వకు. అవి చచ్చుడు మాత్రం నిజం."

నందీశ్వర్ నవ్వు సగంలో ఆగింది.

పోయిన నెల ఉగాదికి వచ్చినప్పుడు అదే వాణ్ని అడిగింది. కాకా, హైదరాబాద్ దవాఖానల మందులన్నీ పరీక్ష చేస్తున్నం, మన ఖేడ్‌ది కూడ చేస్త, నీ సిమెంటుతోని చిన్న బిళ్లలు చేసియ్యి, అదే మందు ట్యూబు ఒకటి కూడ ఇయ్యి అని. వాడు పొంగిపోయాడు. ఊరంతా చెప్పుకున్నాడు. బిళ్లలు తన చేత్తో చేసి, దూదిలో పెట్టి ఇచ్చాడు.

"ఆ మందు ట్యూబుల ఉన్నప్పుడు మెత్తగ ఉంటది" అంది శైలశ్రీ, అందరి వైపూ చూస్తూ. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చిన్నప్పుడు బడినుంచి ఉరికి వచ్చి చెప్పినట్టే. "నీలి లైటు కొడితే గట్టి పడ్తది. గట్టి పడితే ఏం గాదు. గట్టి పడక మిగిలింది మాత్రం మెల్లగ బయటికి ఊరుతది. ఆ ఊరేది కణాలకు విషం. గిన్నెల ఒక రంగు మందు వేస్తం. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగు చేస్తయి. చచ్చినయి ఏం చెయ్యలేవు, పసుపుగనే ఉంటది. కాకా, నీ బిళ్లలు పెట్టిన గిన్నెలన్ని పసుపు! ఉత్త పసుపు! పసుపు కొమ్ములు కడిగిన నీళ్ల లెక్క!"

"మందు కంపెనీది. నేను చేసిన్నా?"

"గదే! గదే కాకా నాకు పిచ్చి లేపింది!" అది చిటికె వేసింది. "నువ్విచ్చిన ట్యూబుల మందే తీసి మా లైటుతోని నేను బిళ్లలు చేసిన. గిన్నెలన్ని ఊదా! నేరేడు పండు లెక్క! ఒకటే ట్యూబు, ఒకటే మందు. నావి బతికినయి, నీవి చచ్చినయి. ఎందుకు? బస్సుల ఎండకు ఖరాబయినయా అనుకున్న. దూదిల ఏమన్నా ఉందా అనుకున్న. లైటు మీద అనుమానం రాలే, నీది మాకంటె కొత్తది కదా. పైసల్ పోసి కొన్నవ్ కదా. ఇగ నిన్నే అడుగుదామని..."

ఆగిపోయింది. గాలిలో చెయ్యి అట్లాగే ఉంది. మెల్లగా నా వైపు తిరిగింది.

"అప్పా. నువ్వు కాకకు ఏమని చెప్పినవ్? మళ్లొకసారి అను."

"ఇగ వద్దులే బిడ్డా. నవ్విన్రు చాలు."

"అను అప్పా!"

"నీ లైటు సెల్లు చచ్చిందంట, మార్చుకో అన్న."

శైలశ్రీ నా రెండు చేతులూ పట్టుకొని గెంతింది. పట్నంలో ఉండే పెద్ద పిల్ల, వాకిట్లో, అందరి ముందూ గెంతింది.

"కాకా! ఆ బిళ్లలు ఏ లైటుతోని చేసినవ్?"

"కొత్తదానితోనే."

"నిజంగ?"

"కొత్తదానితోనే అంటున్న కదా!"

"కొత్తది బీదర్‌ల ఉంది కదా నందప్పా?" అంది రేవమ్మ.

ఆమె దెప్పలేదు. ఆమెకు దెప్పడం రాదు కూడా. ఉన్న మాట అంది. బీదర్ దవాఖాన తెరిచిన నాడు సామాన్లన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టింది ఆమే. కొత్త లైటు పిడికి బొట్టు పెడుతుంటే నందీశ్వర్ పెళ్లాం గీత, తడి తగలనియ్యకక్కా అని గసిరింది కూడా. ఆ గసురు రేవమ్మ మరిచిపోలేదు.

"అంటే ఈడ ఉన్నది పాతదా?" అన్నాడు స్తెఫను, ఇంకా మెల్లగా.

"పాతదైతేంది? వెలుగుతలేదా? నీలంగ వెలుగుతది. ఇన్ని పండ్లు చేసిన దాంతోని."

హన్నమ్మ తువ్వాలు తీసింది. నోరు సగమే తెరుచుకుంటున్నా మాట మాత్రం సాఫుగా వచ్చింది.

"బీదరోళ్లకు కొత్తది, బీదోళ్లకు పాతది. మంచిగుంది డాక్టర్ సాబ్."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నందీశ్వర్ నా జబ్బ పట్టుకొని కొట్టు పక్క సందులోకి ఈడ్చాడు.

"అన్నా, చెప్తున్న ఇను. పిల్లను ఇంట్లకు తీస్కపో. బువ్వ పెట్టి పండుకోబెట్టు. హన్నమ్మకు నేను రెండు రోజులయినంక సప్పుడు లేకుండ వేరే సిమెంటు పెడ్త."

"రెండు రోజులెందుకు? గిప్పుడే పెట్టు."

"గిప్పుడు తీస్తే తప్పు ఒప్పుకున్నట్టే. ఈ ఊర్ల పంట్ల సిమెంటు ఉన్నోళ్లంత రేపు నా దవాఖాన ముంగట ఉంటరు. నేను బతకాల్నా వద్దా?"

"మరి నా చెల్క?"

"గదే చెప్తున్న. పిల్ల గమ్మునుంటే మధ్యాహ్నం వచ్చి సంతకం పెడ్త. స్తెఫను ముంగట నా లైటును పరీక్ష గిరీక్ష అని ముట్టుకుందా, ఆ చెల్క మీద ఆశ ఇడిచిపెట్టు. నా పేరు మీద ఉంది. నా పేరు మీదనే ఉంటది."

"నా పాలురా అది! నాయన నాకిచ్చింది!"

"చూస్కో మరి."

నేను వాకిట్లోకి తిరిగి వచ్చాను. రేవమ్మ నా ముఖం చూసింది. సందు వైపు కిటికీ తెరిచే ఉంది. ఆమె విన్నది.

శైలశ్రీ అప్పటికే పెట్టె తెరిచింది. లోపల తెల్లటి చిన్న బిళ్ల. హైదరాబాద్‌లో తను చేసింది. స్తెఫనుకు చూపిస్తూ ఏదో చెబుతుంది. కళ్లు మెరుస్తున్నాయి. నేను దగ్గరికి పోయాను.

"బిడ్డా, దూరం నుంచి వచ్చినవ్. జొన్నరొట్టె తిని పండు. రేపు చూద్దాం ఇవన్ని."

"రేపా?" అది నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "అప్పా, హన్నమ్మ పెద్దమ్మ పంట్ల గట్టి పడని మందు ఉంటే, అది ఊరుకుంటనే ఉంటది. పక్కనే నరం. బతికిన నరమో, సగం చచ్చిందో నాకు తెల్వది. ఒక్క రోజు తేడా ఎంతో కూడ తెల్వది. కానీ రేపెందుకు?"

హన్నమ్మ నా దగ్గరికి వచ్చింది. కాయలు కాచిన చేతులు. మా చెల్కలో కలుపు తీసిన చేతులే అవి.

"బసప్పన్నా. గా పిల్ల చదువుకున్నది. గాయన డాక్టరు. వాళ్ల మాటలు నాకు సగమే సమజవుతయి. నువ్వు చెప్పు. నా పంట్ల ఉన్నది పచ్చిదా?"

పచ్చి. ఆ మాట నాకు తెలుసు. గోడకు పెట్టిన సిమెంటు పైన ఎండినట్టు కనబడుతుంది. వేలితో ఒత్తితే లోపల పచ్చిగా ఉంటుంది. ఇల్లు కట్టిన ప్రతివాడికీ తెలుసు. శైలశ్రీ ఇంతసేపు చెప్పిందంతా ఆ ఒక్క మాటతో నా తలకెక్కింది.

రేవమ్మ వైపు చూశాను. ఆమె పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుంది. పని మొదలుపెట్టే ముందు ఎట్లా దోపుకుంటుందో అట్లా.

"కొట్ల రబ్బరు వాచర్లు ఉన్నయి కదా" అంది. "పిల్లకు పరీక్ష చెయ్యనీకె పన్నంత లోతు బెజ్జం కావాలంట. ఇయ్యి."

నేను కొట్టులోకి పోయాను. నల్లా వాచర్ల డబ్బా మొత్తం తీసుకున్నాను.

"పద" అన్నాను.

నందీశ్వర్ దవాఖాన బజారు మూలమీదే. మేము పోయేసరికి వాడు ముందే వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. స్తెఫను చెప్పులు విప్పి మెట్టు ఎక్కాడు.

"కొట్లాటకు రాలే" అన్నాడు మళ్లీ. నందీశ్వర్ పక్కకు జరిగాడు.

శైలశ్రీ చేతులు కడుక్కుంది. తొడుగులు వేసుకుంది. అద్దం ముక్క మీద వాచరు పెట్టింది. ట్యూబులోంచి మందు తీసి ఆ బెజ్జంలో నింపి, పైన చదును చేసింది. నా గుండె మోటారు స్టార్టరు లాగా కొట్టుకుంటుంది. ఇది నా బిడ్డ. నా కొట్టు వాచరు. చెల్క సంగతి ఆ నిమిషంలో మరిచిపోయానంటే ఎవరూ నమ్మరు.

"కాకా, నువ్వే కొట్టు లైటు. నీ చేత్తోనే. పంట్ల ఎట్ల కొడ్తవో గట్లనే. తరవాత నేను మోసం చేసిన అనొద్దు."

నందీశ్వర్ లైటు తీసుకున్నాడు. మీట నొక్కాడు. నీలంగా వెలిగింది. ఏ దోషమూ కనబడలేదు. గోడలు కూడా నీలమయ్యాయి. లైటు కూతపెట్టి ఆగిపోయింది.

"ఇగో" అని చిన్న ఇనుప పుల్లతో పైన కొట్టాడు. టిక్కు టిక్కుమంది. "గట్టిగుంది. రాయి. రోజూ గిట్లనే చూస్త. విన్నవా స్తెఫనూ?"

స్తెఫను విన్నాడు. హన్నమ్మ వింది. నేనూ విన్నాను. ఇదంతా చేసి, చెల్క పోగొట్టుకొని, చివరికి మళ్లీ నేనే మొద్దునా?

"పంట్ల నువ్వు పైనే కొట్టి చూడగలవ్ కాకా" అంది శైలశ్రీ. "కింద చూడలేవు. కింద నరముంటది."

వాచరును తిప్పింది.

"ఎవరూ వేలు పెట్టొద్దు. అగ్గిపుల్ల ఉందా ఎవరి దగ్గరన్నా?"

స్తెఫను జేబులోంచి అగ్గిపెట్టె ఇచ్చాడు. అది పుల్ల తిరగేసి, కింది వైపు గీకింది.

చప్పుడు రాలేదు.

మళ్లీ గీకింది. పుల్ల దిగబడింది. చలికాలం పేరుకున్న నెయ్యిలా తెల్లటిది పుల్లకు అంటుకొని వచ్చింది. ఇంకా గీకితే ఇంకా వచ్చింది. గిన్నె అడుగు లాగా పైన పలుచటి పెంకు మాత్రం మిగిలింది. పక్కనే హైదరాబాద్ బిళ్ల పెట్టి, దాన్ని రెండు వైపులా కొట్టింది. రెండు వైపులా టిక్కుమంది.

"పచ్చి!" అంది శైలశ్రీ. అరిచిందనాలి. "అప్పా, చూసినవా, పచ్చి! వెలుగు కంటికి ఒకటే లెక్క కనబడ్తది కాని లోపలికి దిగే బలం లేదు! సెల్లు చచ్చింది కాకా! అప్ప చెప్పిన సెల్లే చచ్చింది! దాని వల్లనే నా సెల్లులు చచ్చినయి!"

హన్నమ్మ దవడ పట్టుకొని బల్ల మీద కూలబడింది.

"అయితే నా పన్ను చచ్చిందా బిడ్డా?"

శైలశ్రీ సంతోషం ఒక్కసారి తగ్గింది. అది అబద్ధం ఆడదు. చిన్నప్పటి నుంచీ ఆడదు. ఆ గుణం ఎవరిదో నాకు తెలియదు.

"తెల్వది పెద్దమ్మా. గిన్నెల చచ్చినంత మాత్రాన నోట్ల చస్తయని కాదు. నోట్ల ఉమ్మి ఉంటది, నెత్తురు తిరుగుతది, ఒళ్లు తనను తాను కాపాడుకుంటది. అందుకే నేను..."

"గదీ!" అన్నాడు నందీశ్వర్. "గది చెప్పు! నోట్ల ఏం గాదని నువ్వే చెప్తున్నవ్! విన్నరా అందరు?"

"ఏం గాదనలే కాకా! తెల్వదన్న! తెల్వకనే తీసి చూడమంటున్న!"

"తీస్తే నేను..."

"డాక్టర్ సాబ్" అన్నాడు స్తెఫను. వాడి గొంతు ఇప్పుడు దాదాపు వినబడలేదు. "నీ వదినెకే గిట్లయితే ఆగుతవా?"

నందీశ్వర్ అద్దం మీద ఉన్న ఆ పెంకును చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. అగ్గిపుల్ల తీసుకొని తానే ఒకసారి గీకాడు. చప్పుడు వస్తుందేమోనని అనుకున్నాడేమో. రాలేదు.

లైటును మూలకు పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. ముఖానికి మాస్కు కట్టుకున్నాడు.

"హన్నమ్మా, కుర్చీల కూసో" అన్నాడు. "సూది వేస్త. మొద్దు బారుతది. భయపడకు."

ఆ మాట వాడి నోట్లోంచి రావడం నేను కళ్లారా చూసి కూడా నమ్మలేదు. వాడు పని చేస్తుంటే మేము గోడకు ఆనుకొని నిలబడ్డాము. మిషను కీచుమంది. పైపెంకు పొడి పొడిగా ఊడింది. తరవాత కీచుమనడం మానింది. మెత్తటిదాంట్లో తిరిగినట్టు గుర్రుమంది. ముక్కుకు ఘాటుగా ఏదో వాసన తగిలింది. నందీశ్వర్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ సాగింది. అద్దం పట్టుకొని లోపలికి వంగి చూశాడు.

"పచ్చిది ఉందా?" అంది శైలశ్రీ, మునివేళ్ల మీద నిలబడి.

"ఉంది" అన్నాడు.

అంతే అన్నాడు. మొత్తం తీశాడు, కడిగాడు, చల్లబరిచే మందు పెట్టి పైన మూశాడు. హన్నమ్మ చెయ్యి తట్టాడు కూడా.

"నరం బతికిందో లేదో వారం ఆగితే కాని చెప్పలేను. నొప్పి తగ్గుకుంట వస్తే బతికినట్టు. ఎక్కువైతే రాత్రయినా ఫోన్ చెయ్యి. పైసల్ ఏం వద్దు."

హన్నమ్మ సగం నోటితో ఏదో అంది. ప్రభువు పేరు వినబడింది. స్తెఫను ఆమెను చెయ్యి పట్టి దించాడు. గడప దగ్గర నా వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. స్తెఫను నాకు దండం పెట్టడం అదే మొదలు.

వాళ్లు వెళ్లాక నందీశ్వర్ నా పక్కకు వచ్చాడు. మాస్కు తీయలేదు. కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. చిన్నప్పుడు తప్పిపోయి దొరికినప్పటి కళ్లు.

"బీదర్ లైటు పొద్దుమూకే వరకు ఈడికి తెస్త" అన్నాడు. "ఈ ఊర్ల పాతదానితోని చేసినోళ్లందరిని పిలిచి చూస్త. గది నా పని."

"మంచిది తమ్మీ" అన్నాను. వాడి భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను.

"కాని ఆఫీసుకు నేను రాను. చెప్పిన మాట చెప్పినట్టే. వదినెను చీర మార్చుకోమను."

నా చెయ్యి మధ్యలోనే ఆగింది. వాడు లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

రేవమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. అన్నీ వింది. బొడ్లో దోపిన కొంగు తీసి, నెత్తిన కప్పుకొని, ఇంటి తొవ్వ పట్టింది. వెనక్కి చూడలేదు.

శైలశ్రీ మాత్రం బజారు నడిమధ్యలో ఫోన్ పట్టుకొని నిలబడింది. హైదరాబాద్‌లో ఎవరికో చెబుతుంది. "మా అప్పనే పట్టుకున్నడు! నిజంగ! సెల్లు అంటే బ్యాటరీ అనుకొని..." నవ్వుతుంది, ఆగుతుంది, మళ్లీ నవ్వుతుంది. అటు వైపు వాళ్లూ నవ్వుతున్నట్టున్నారు. పొద్దున నన్ను కాల్చిన నవ్వు కాదు అది. ఫోన్ పెట్టేసి ఉరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అప్పా, మధ్యాహ్నం తహసీల్ ఆఫీసు ఉందన్నది కదా అమ్మ? నేను కూడ వస్త. మన చెల్క మనకు వచ్చే రోజు. ఫోటో దిగుదాం!"

దాని వేళ్లకు ఇంకా తొడుగు పొడి అంటుకొని ఉంది. అది నా ముఖంలోకి చూసి నవ్వుతుంది. చెప్పాలా, మానాలా? ఆ మాట నోటి దాకా వచ్చింది.

కల్హేర్ తొవ్వలోని నా పాలు, బోరుతో సహా, మూడెకరాల పదకొండు గుంటలు.